స్థానిక సంస్కృతి, ప్రపంచ ప్రసార సాధనములు: ఖరగ్‌పూర్ తెలుగువారి ఉదాహరణము

ఖరగ్‌పూర్ జంక్షను అనగానే చాలామందికి మొదట జ్ఞాపకము వచ్చునది అక్కడి ప్లాట్‌ఫారము. 1072.5 మీటర్ల పొడవు గల ఆ ప్లాట్‌ఫారము చాలాకాలము ప్రపంచములోకెల్ల పొడవైనదిగా పేరుపొందినది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ పేరును తీసికొన్నవి. పేరు పోయినను ప్లాట్‌ఫారము అక్కడనే ఉన్నది. హౌరా నుండి వచ్చిన దారి బొంబాయి వైపునకు, మదరాసు వైపునకు చీలుట కూడ అక్కడనే. ఆ దారుల వెంట వచ్చినవారు కూలీలు, గుమాస్తాలు మాత్రమే కారు. గ్రామఫోను పెట్టెలు, నాటకపు తెరలు, సినిమా రీళ్ళు, వార్తాపత్రికల కట్టలు కూడ ఆ దారినే వచ్చినవి. స్థానిక సంస్కృతికి, ప్రపంచమంతటా వ్యాపించిన ప్రసార సాధనములకు పొత్తు ఎట్లు కుదురునన్న ప్రశ్న నేడు అందరి నోట వినబడుచున్నది. దీనికి సమాధానమును సిద్ధాంత గ్రంథములలో వెదకుటకంటె ఈ రైల్వే పట్టణములో వెదకుట మేలని నా అభిప్రాయము. ఏలయన, ఇక్కడ ‘స్థానికము’ అన్న మాటకే అర్థము తేలికగా దొరకదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. ఆ కంపెనీ దారి మేదినీపూర్ జిల్లాలోని ఎర్రమట్టి నేలను చేరినది. 1900లో రూపనారాయణ నదిపై వంతెన పూర్తికాగా ఖరగ్‌పూర్ హౌరాతో కలిసినది. కొద్ది సంవత్సరములలోనే అక్కడ పెద్ద కర్మాగారము, కాలనీ, బజారు వెలసినవి. దాదాపు ఆ కాలముననే వాల్తేరు నుండి కటకమునకు పోవు తూర్పుతీరపు దారి కూడ ఆ కంపెనీ చేతికి వచ్చినది. దీని ఫలితము గమనింపదగినది. విజయనగరము చుట్టుపట్ల నున్న రైతుకూలీకి, చికాకోలు వడ్రంగికి, గంజాము కమ్మరికి బెంగాలు హఠాత్తుగా దూరదేశము కాకుండ పోయినది. అది ఒకే కంపెనీ రైలులో, ఒకే రాత్రి ప్రయాణములో చేరదగిన చోటు అయినది. వారు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గాంగుమనుషులుగా, పాయింట్సుమెన్లుగా చేరినారు. మథురాకాటి, నిమ్‌పురా, పాత సెటిల్మెంటు, కొత్త సెటిల్మెంటు అను పేటలలో తెలుగు వినబడుట ఆనాటి నుండి మొదలైనది. బెంగాలీలు, ఒడియాలు, హిందీవారు, తమిళులు, ఆంగ్లో ఇండియనులు, పంజాబీలు కూడ అక్కడ చేరుటచేత ఆ పట్టణమును చిన్న భారతదేశమని పిలుచుట అలవాటైనది.

ఆ పట్టణమును కట్టినది కంపెనీ. ఎవరు ఎక్కడ నివసింపవలెనో నిర్ణయించినది కూడ కంపెనీయే. తెల్లవారి బంగళాలు ఒక దిక్కున, ఆంగ్లో ఇండియనుల ఇండ్లు మరొక దిక్కున, దేశీయుల వరుస క్వార్టర్లు ఇంకొక దిక్కున. క్వార్టరు వైశాల్యము ఉద్యోగపు తరగతిని బట్టి. కంపెనీ పోయి ప్రభుత్వము వచ్చినది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. క్వార్టరు పద్ధతి మాత్రము నిలిచియున్నది. ఉద్యోగమున్నంతకాలము ఇల్లు ఉండును. పదవీ విరమణముతో తాళపుచెవి అప్పగింపవలెను. ఒక తరము పెరటిలో నాటిన మునగచెట్టు కాయలను మరియొక కుటుంబము కోసికొనును.

నేను ఈ క్వార్టరు సంగతిని ఇంతగా చెప్పుటకు కారణమున్నది. స్వదేశ సంస్కృతికి, ప్రపంచ సంస్కృతికి గల సంబంధమును గూర్చి మాట్లాడునపుడు మనవారు తప్పక జ్ఞాపకము చేసికొను ఉపమానము ఒకటున్నది. 1921లో రవీంద్రునితో జరిగిన వాదములో గాంధీజీ వాడిన ఇంటి ఉపమానమది. ఇంటి కిటికీలు తెరచియుంచవచ్చును, అన్ని దేశముల గాలులు లోనికి రావచ్చును, కాని ఆ గాలికి మన కాళ్ళు నేల నుండి లేచిపోరాదు అని దాని సారాంశము. ఆ ఉపమానము గొప్పదే. దానిని నేను తోసివేయబోను. కాని అది ఇల్లు మనదని ముందుగానే ఒప్పుకొని చెప్పిన ఉపమానము. గోడలు మనవి, పునాది మనది. తేల్చవలసినది కిటికీ సంగతి మాత్రమే. ఖరగ్‌పూర్ తెలుగువానికి ఆ సౌకర్యము లేదు. అతని గోడలు కంపెనీవి, నేల బెంగాలుది, బడిలోని భాషలలో రెండు మూడు ఇతరులవి. కిటికీ మూసికొన్నచో లోపల మిగులునది ఏమిటి? ఈ ప్రశ్న నేడు ఖరగ్‌పూర్‌కే పరిమితమైనది కాదు. అద్దె ఇంటిలో, పరదేశములో, పరభాషా నగరములో బ్రతుకుచున్న తెలుగువారందరిదీ ఇదే స్థితి. ఖరగ్‌పూర్ వారు దానిని నూరు సంవత్సరములకు పైగా ముందే ఎదుర్కొన్నారు.

వారు మూటకట్టి తెచ్చుకొన్నవి కొన్ని ఉన్నవి. మొదటిది మాట: ‘ఏటి’ అని అడుగు మాట, ‘ఒగ్గేయ్’ అని విడువమను మాట, పిల్లవానిని ‘గుంటడు’ అని పిలుచు మాట. రెండవది దేవత. ఉత్తరాంధ్రములో ఊరూర గ్రామదేవతకు జరుగు సంబరమును బోలినది ఖరగ్‌పూర్ తెలుగు పేటలలో ప్రతి సంవత్సరము జరుగుచున్నది. దానిని అక్కడివారు ‘మాతాపూజ’ అందురు. ఈ పేరును గమనింపుడు. ఇది విజయనగరపు పల్లెలో పుట్టిన పేరు కాదు. పొరుగున నున్న హిందీ, బెంగాలీ వారికి కూడ అర్థము కావలెనని అక్కడ నిలిచిన పేరు. పేరు ఇచ్చిపుచ్చుకొన్నారు, మ్రొక్కు తమదిగా నుంచుకొన్నారు. పొత్తు అనగా నిజముగా ఏమిటో ఏ పండితుడును చెప్పకమునుపే ఆ స్త్రీలకు తెలిసినది. మూడవది ఆట. భజన మండలులు, హరికథలు, పౌరాణిక నాటకములు, ఆ తరువాత సాంఘిక నాటకములు. పగలు కర్మాగారములో సుత్తి పట్టినవాడు రాత్రి రైల్వే ఇన్స్టిట్యూటు వేదికపై కిరీటము పెట్టినాడు.

తమ మాటను నిలుపుకొన్నవారు ఇతరులనుండి విడిపోయి బ్రతికినారని అనుకొనరాదు. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు చేసిన సమ్మె దేశ కార్మికోద్యమ చరిత్రలో ముఖ్యమైనది. ఆ రైల్వే కార్మికుల సంఘమునకు నాయకులలో నొకడు బరంపురములో తెలుగు కుటుంబమున జన్మించిన వి. వి. గిరి, తరువాత 1969 నుండి 1974 వరకు భారత రాష్ట్రపతి. ఆ సమ్మెలో నిలిచినవారి భాషలు అనేకములు, డిమాండు ఒక్కటి. సొంత భాషను పట్టుకొనుట వేరు, ఒంటరితనము వేరు అని చెప్పుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము అవసరము లేదు.

ఇక ప్రసార సాధనముల విషయము. మనము నేడు ‘ప్రపంచ మాధ్యమము’ అనగానే చేతిలోని ఫోనును తలచుకొందుము. కాని ఖరగ్‌పూర్‌కు మొదటి ప్రపంచ మాధ్యమము రైలే. రెండవది చలనచిత్రము. తెలుగు టాకీ చరిత్రలో మనము తరచుగా మరచు సంగతి ఒకటి కలదు. సి. పుల్లయ్య దర్శకత్వములో వచ్చిన ‘సతీ సావిత్రి’ 1933లోను, ‘లవకుశ’ 1934లోను కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీ వారు నిర్మించినవి. అనగా, యూరపు అమెరికాలలో పుట్టిన యంత్రముతో, బెంగాలు నగరములో, రామాయణ కథను తెలుగు గొంతులు పలికినవి. ఆంధ్రదేశము నుండి కలకత్తాకు రైలుదారి ఖరగ్‌పూర్ మీదుగానే. తెలుగు సినిమా బాల్యములో కొంత భాగము ఆ స్టేషను ముందుగా దాటిపోయినది. తెలుగుతనము ఉత్తరమునకు పోయి, యంత్రమును పట్టుకొని, మరల దక్షిణమునకు తిరిగి వచ్చినది.

‘దేవదాసు’ సంగతి దీనికి ప్రతిబింబము. శరత్‌బాబు నవల 1917లో అచ్చయినది. 1935లో ప్రమథేశ్ బరువా దానిని బెంగాలీ చిత్రముగా తీసినాడు; మరుసటి సంవత్సరము హిందీలో వచ్చినది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వములో అక్కినేని నాగేశ్వరరావు నటించిన తెలుగు ‘దేవదాసు’ వచ్చినది. బెంగాలు జమీందారు కొడుకు తెలుగువారి ఇంటి మనిషి అయినాడు. చక్రపాణి మొదలైన వారి అనువాదముల మూలమున శరత్తు తెలుగు రచయితయే అనుకొన్న పాఠకులు ఆంధ్రదేశములో ఉండిరి. కాని ఖరగ్‌పూర్ తెలుగువాడు అట్లు పొరపడుటకు వీలు లేదు. శరత్తు భాష అతని పొరుగింటి భాష. అనువాదము ఇక్కడ పుస్తకముల వ్యవహారము కాదు, దినదినము నీటి కొళాయి దగ్గర జరుగు పని. ఆ తరువాతి దశాబ్దములలో రేడియో సిలోను వారు హ్రస్వతరంగములపై తెలుగు సినిమా పాటలు వినిపించినారు. ఒక ద్వీపదేశపు ప్రసార కేంద్రము తెలుగు పాటను ఆకాశముపై పంపుట, దానిని తెలుగునేలకు ఎన్నో క్రోసుల దూరములో నున్నవారు సైతము వినగలుగుట సాధారణ విషయము కాదు. ప్రపంచ మాధ్యమము అప్పుడు తెలుగునకు శత్రువు కాలేదు. వాహనమైనది.

దీనిని బట్టి, అన్యమైనది వచ్చినంత మాత్రముననే స్వీయమైనది నశించునన్న భయము నిరాధారమని స్పష్టమగుచున్నది. మరి నిజమైన భయము ఎక్కడ ఉన్నది? ఇది తేల్చుటకు గురజాడను ఆశ్రయింపవలసియున్నది. ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరములో ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది, 1909లో తిరిగి వ్రాయబడిన రూపములో వెలువడినది. అదే కాలములో, అదే విజయనగర మండలము నుండి జనము ఖరగ్‌పూర్ రైలెక్కుచున్నది. ఈ రెండు సంఘటనలను మన విమర్శకులు ఒకచోట పెట్టి చూచుట అరుదు. నాటకములో వినబడు మాటలకు, రైలులో పోయిన మాటలకు ఊరు ఒకటే.

గిరీశము నా దృష్టిలో ప్రపంచ మాధ్యమమునకు తెలుగులో మొదటి వినియోగదారుడు. ఇంగ్లీషు పుస్తకముల నుండి, పత్రికల నుండి, ఉపన్యాసముల నుండి ఏరిన మాటలతో అతడు లోకమును నడిపించును. ఆ మాటలు అతనివి కావు, వాటికి అతడు బాధ్యుడును కాడు. వెంకటేశమునకు వాటిని విద్య పేరిట అమ్మును. అగ్నిహోత్రావధానుల ఇంట వాటిని చూపి అన్నము తినును. మధురవాణి ఒక్కతె ఆ మాటల వెల ఎంతో ఎరిగినది. ఇంతవరకు అందరికీ తెలిసినదే. కాని గమనింపవలసినది గిరీశమును సృష్టించిన గురజాడ స్వయముగా ఎంత తీసికొన్నాడో. వచనములో సాంఘిక నాటకము పడమటి రూపము. ఇంగ్లీషు చదువు అతని పనిముట్టు. అచ్చుయంత్రము అన్యదేశపుది. ఇన్ని తీసికొని అతడు తిరిగి ఇచ్చినది విజయనగరము వీధి మాట. గిరీశము, గురజాడ ఇద్దరూ తెరచిన కిటికీ ముందే కూర్చున్నారు. ఒకడు వచ్చిన గాలిని గుక్కలు గుక్కలుగా త్రాగి అదే గాలిని బయటికి వదలినాడు. రెండవవాడు ఆ గాలితో కొలిమి రాజేసినాడు. తేడా కిటికీలో లేదు, లోపల జరిగిన పనిలో ఉన్నది.

కొలత ఇప్పుడు మనకు చిక్కినది. ఒక సమూహము ఎంత స్వీకరించినది అని అడుగుట చాలదు. స్వీకరించినదానితో ఏమి చేసి బయటికి పంపినది అని అడుగవలెను. రైల్వేవారి భాషలో చెప్పవలెనంటే, అప్ బండి వచ్చినంత మాత్రమున లైను నడచుచున్నదని అనరాదు. డౌను బండి కూడ బయలుదేరవలెను.

ఈ కొలతతో 1995 తరువాతి ఖరగ్‌పూర్‌ను చూతము. ఆ సంవత్సరము జెమిని, ఈటీవీ అను తెలుగు ఉపగ్రహ చానళ్ళు ప్రారంభమైనవి. అంతకు ముందు ఖరగ్‌పూర్ తెలుగు పిల్లవానికి టెలివిజను అనగా బెంగాలీ, హిందీ. ఇప్పుడు పగలు రాత్రి తెలుగు. ఇది గొప్ప మేలు. బడిలో తెలుగు చదువని పిల్లలు సైతము తెలుగు వినుట మానలేదు. అమ్మమ్మతో మాట్లాడుటకు తడుముకొనువారికి చెవిలో భాష నిలిచినది. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడువారు పరభాషా ప్రాంతములో పిల్లలను పెంచనివారు.

కాని ఆ తెలుగు ఏ తెలుగు? చానళ్ళ తెలుగు హైదరాబాదులో కూర్చి, కోస్తా మధ్య జిల్లాల పలుకుబడితో నునుపుచేసిన తెలుగు. అందులో నాయకుడు ఒక విధముగా మాట్లాడును. నవ్వించుటకు వచ్చిన పనివాడు, అమాయకుడు, కావలివాడు శ్రీకాకుళపు యాసలో మాట్లాడును. ఇది మన సినిమాలలో బహుకాలముగా నున్న దురాచారము. ఆంధ్రదేశములో నున్న శ్రీకాకుళము పిల్లవానికి ఈ అవమానమునకు విరుగుడు కలదు: వీధిలోనికి వచ్చినచో ఊరంతయు ఆ మాటయే మాట్లాడును. ఖరగ్‌పూర్ పిల్లవానికి ఆ విరుగుడు లేదు. అతనికి ఆ యాస మాట్లాడు లోకమంతయు అమ్మమ్మ, తాత, నాలుగు వీధులు. తెరపై ఆ యాస వినబడినపుడెల్ల నవ్వు వినబడును. ‘ఏటి’ అను మాట తన ఇంటి మాట అని తెలియకముందే అది నవ్వులాట మాట అని అతడు నేర్చును. తన భాషను గూర్చి సిగ్గును అతనికి నేర్పినది ఇంగ్లీషు కాదు, హిందీ కాదు, బెంగాలీ కాదు, తెలుగే. ప్రపంచీకరణమును గూర్చి వ్రాయు మనవారు ఈ విషయమును చూడరు. ప్రపంచము స్థానికమును మ్రింగునని భయపడుదురు గాని, ఒక కేంద్రములో తయారైన స్వభాషయే అంచులలో నున్న స్వభాషను మ్రింగగలదని గుర్తింపరు.

ఈ చిక్కు 2023లో మరింత స్పష్టమైనది. ఆ సంవత్సరము మార్చిలో ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రములోని పాటకు ఆస్కారు బహుమానము వచ్చినది. తెలుగు చిత్రములు హిందీ మాటలతో దేశమంతటా ఆడుచున్నవి; బెంగాలీ పొరుగువాడు తెలుగు కథానాయకుని పేరు ఎరుగును. నూరు సంవత్సరములు ‘తెలుగువారా? అదెక్కడ?’ అను ప్రశ్నకు జవాబు చెప్పిన సమూహమునకు ఈ గౌరవము చిన్నది కాదు. తెలుగే నేడు ప్రపంచ మాధ్యమములో నొక భాగము. కనుక తెలుగువారు కేవలము ఆ మాధ్యమమునకు లోబడినవారు అనుట ఇక చెల్లదు. కాని ఆ విజయము ఖరగ్‌పూర్‌కు చేరునప్పటికి ఒక సరకుగానే చేరుచున్నది. దానిని చూచి సంతోషింపవచ్చును. దానిలో చేయి కలుపుటకు లేదు. తాత ఇన్స్టిట్యూటు వేదికపై తప్పో ఒప్పో పద్యము ఎత్తినాడు. మనుమడు లోకప్రసిద్ధమైన తెలుగు పాటను ఫోనులో చూచుచున్నాడు. వీరిద్దరిలో ఎవరి తెలుగు ఎక్కువ ధనవంతమైనది? ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పువారిని నేను నమ్మను. మనుమని చెవికి తాత ఎరుగని విస్తృతి కలదు. తాత నోటికి మనుమడు పోగొట్టుకొన్న ధైర్యము ఉండెను.

సాహిత్యము వైపునకు వచ్చినచో ఈ లోటు ఇంకను బాధించును. బెంగాలీ నవలాకారుడు రమాపద చౌధురి 1922లో ఖరగ్‌పూర్‌లో జన్మించినాడు. అతని బాల్యము ఆ రైల్వే పట్టణములో గడచినది. 1988లో అతనికి సాహిత్య అకాడెమీ బహుమతి తెచ్చిన నవల పేరు ‘బాడి బదలే జాయ్’. ఆ పేరునకు ‘ఇల్లు మారిపోవును’ అని అర్థము చెప్పుకొనవచ్చును. ఆ పేరు చదివినపుడెల్ల నాకు క్వార్టరు తాళపుచెవి జ్ఞాపకము వచ్చును. అతని ‘ఖారిజ్’ నవల ఒక మధ్యతరగతి ఇంటి వంటగదిలో ప్రాణము విడిచిన పనిపిల్లవాని కథ. దానిని మృణాల్ సేన్ 1982లో చిత్రముగా తీసినాడు. అది 1983లో కాన్ ఉత్సవమున జ్యూరీ బహుమతి పొందినది. ఒక పనిపిల్లవాని మరణము, అతనిని పనికి పెట్టుకొన్న వారి మౌనము ప్రపంచపు తెరను చేరినవి. అక్కడ మాధ్యమము సాహిత్యమును మ్రింగలేదు. సాహిత్యమే మాధ్యమమును తనకు పనిచేయించినది. ఇంగ్లీషులోను ఈ పట్టణమునకు స్థానము దొరికినది. లారా బేర్ అను మానవశాస్త్రజ్ఞురాలు రైల్వే కుటుంబముల జ్ఞాపకములను, కాగితములను పరిశీలించి 2007లో ప్రచురించిన గ్రంథములో ఖరగ్‌పూర్ కాలనీకి ముఖ్యస్థానము ఉన్నది.

మరి తెలుగులో? ‘మాలపల్లి’ అనగానే తెలుగు పాఠకునికి ఒక పల్లె కనులముందు నిలుచును. కాళీపట్నం రామారావు ‘యజ్ఞము’ అనగానే శ్రీకాకుళపు ఊరు, అప్పు, న్యాయము అను పేరుతో జరుగు అన్యాయము నిలుచును. ఖరగ్‌పూర్ అనగానే అట్లు నిలుచు తెలుగు నవల లేదు. కారా మాస్టారి పాత్రల అన్నదమ్ములు, మేనమామలు రైలెక్కి పోయిన తరువాత ఏమైనారో మన సాహిత్యము వెంట పోయి చూడలేదు. ఇందులో తప్పు అక్కడివారిది మాత్రమే అనుకొనుట అన్యాయము. సాహిత్యమనగా బెజవాడలోనో, మదరాసులోనో, హైదరాబాదులోనో జరుగు పని అని వారికి మనమే నేర్పినాము. ప్రవాసాంధ్ర సాహిత్యమనగా మన పత్రికలకు అమెరికాయే కనబడును. సముద్రము దాటినవాని ఒంటరితనమునకు ఇచ్చిన విలువ, ఒక రాత్రి రైలు దూరములో నున్నవాని ఒంటరితనమునకు ఇయ్యలేదు. దగ్గర దూరము మనకు కానరాదు.

చేయదగినది లేదా? ఉన్నది, అది విచిత్రముగా రైలుపట్టాలకు ఆవలి ప్రక్కననే ఉన్నది. హిజ్లీ నిర్బంధ శిబిరము ఉన్నచోట 1951లో భారతీయ సాంకేతిక విద్యాసంస్థలలో మొదటిది వెలసినది. ఆ సంస్థవారే నేడు భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయమును నిర్వహించుచున్నారు. అనేక భాషల గ్రంథములు, తెలుగు గ్రంథములు కూడ, ఆ గ్రంథాలయము ద్వారా ఎక్కడివారికైనను లభించును. ఆ సంస్థకు తెలుగునేల నుండి సంవత్సర సంవత్సరము విద్యార్థులు వచ్చుచున్నారు. వారు, రైల్వే పేటల తెలుగువారు ఒకే ఊరిలో ఉన్నారు. కాని వారి తెలుగు వేరు, లోకము వేరు. నా మనవి ఇది: క్వార్టర్లలో పెట్టెల అడుగున పడియున్న నాటకముల వ్రాతప్రతులు, భజన పుస్తకములు, సమ్మెనాటి జ్ఞాపకములు, వృద్ధుల నోటి మాటలు ఆ యువకుల చేతిలోని ఫోను ద్వారానే భద్రపరుపబడవచ్చును. గిరీశపు చేతిలో నున్నపుడు ఆ ఫోను నవ్వులపాలు చేయు యంత్రము. గురజాడ చేతిలో నున్నచో అది అచ్చుయంత్రము. శ్రీకాకుళములో కారా మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయము ఇటువంటి పనికి మార్గదర్శి. ఆయన అకాడెమీ బహుమతి పొందిన రెండు సంవత్సరములకు, తెలుగు కథలన్నింటిని ఒకచోట చేర్చవలెనని పూనుకొన్నాడు. ఇప్పుడా కథల వివరములు, అనేక కథలు అంతర్జాలముపై చదువరులకు అందుచున్నవి. ఒక చిన్న పట్టణములో ఒక రచయిత సంకల్పము ప్రపంచ మాధ్యమమును తన బీరువాగా చేసికొన్నది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా హోదా ఇచ్చుటకు నిర్ణయించినది. అది ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక. దానిని స్వాగతింపవలెను. అయితే హోదా వలన దరఖాస్తు తెలుగులో వ్రాయు హక్కు కలుగును. కథ తెలుగులో వ్రాయు కోరిక కలుగదు. మొదటిది ప్రభుత్వము ఇచ్చును. రెండవది ఇచ్చుటకు పాఠకుడు కావలెను. తన ‘ఏటి’ని అచ్చులో చూచి నవ్వక చదువు పాఠకుడు ఎక్కడనో ఉన్నాడని తెలిసినపుడు గాని నిమ్‌పురాలోని పిల్ల కలము పట్టదు. ఆ పాఠకుడు హైదరాబాదులో, గుంటూరులో, విశాఖపట్టణములో ఉన్న మనమే.

కనుక ఈ వ్యాసము ఖరగ్‌పూర్‌కు ఉపదేశముగా కాక మనకు జ్ఞాపికగా ముగియుట న్యాయము. ఆ పట్టణమువారు ప్రపంచమునకు తలుపు తెరచుటలో మనకంటె వెనుకబడినవారు కారు; మనకంటె ముందే తెరచినారు. తమ దేవతకు పొరుగువారి మాటతో పేరుపెట్టి తమ మ్రొక్కు తాము చెల్లించుకొన్నారు. వారికి కావలసినది కిటికీలను గూర్చిన హెచ్చరిక కాదు, వారి మాట వినువారు. తెలుగు బండ్లు ఆ స్టేషనుకు ప్రతిదినము చేరుచునే ఉన్నవి. అక్కడ నుండి తెలుగులో బయలుదేరు బండికొరకు ఇవతలి ప్లాట్‌ఫారముపై ఎవరో ఒకరు నిలుచుండవలెను.